ఇళ్ళలో వేడినీటి గొట్టాల ఉష్ణబంధనం

వేడినీటి గొట్టాల ఉష్ణబంధనం అనగా వేడినీరు ప్రవహించే లేదా నిలిచి ఉండే గొట్టాల చుట్టూ, ఉష్ణాన్ని సులభంగా పోనివ్వని పదార్థంతో తొడుగు వేయడం. ఈ తొడుగుగా వాడే పదార్థాన్ని ఉష్ణబంధకం అంటారు. ఐరోపా, ఉత్తర అమెరికా వంటి శీతల ప్రాంతాలలో గదులను వెచ్చగా ఉంచడానికి ఇల్లంతటా వేడినీటి గొట్టాలు తిప్పుతారు. అక్కడ తొడుగు లేకపోతే ఇంధనం వృథా అవుతుంది, కొన్నిచోట్ల నీరు గడ్డకట్టి గొట్టమే పగులుతుంది. హైదరాబాదు వంటి నగరాలలో గదులను వేడి చేయవలసిన పని లేదు. ఇక్కడ వేడినీరు ముఖ్యంగా స్నానానికి, కొంతవరకు వంటింటి అవసరాలకు మాత్రమే కావాలి. అందుచేత ఈ వ్యాసంలో నగరానికి తూర్పున గల దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల ఇళ్ళలో, డాబా మీది సోలార్ హీటరు నుండి స్నానాల గదికి వచ్చే గొట్టాలను ప్రధానంగా తీసుకొని విషయం వివరించబడినది.

తొడుగు వేస్తే గొట్టంలోని నీరు రాత్రంతా వేడిగా ఉంటుందని చాలామంది భావిస్తారు. ఇది సరి కాదు. ఎంత మంచి తొడుగైనా నీరు చల్లబడడాన్ని ఆలస్యం చేస్తుందే గాని ఆపలేదు. అయితే ఆ ఆలస్యం ఏ సమయంలో ఉపయోగపడుతుందో, ఎప్పుడు ఉపయోగపడదో తెలిస్తే డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ అక్కరలేదో తేలికగా నిర్ణయించవచ్చు.

స్థానిక పరిస్థితులు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లు రెండూ హైదరాబాదు - విజయవాడ రహదారిపై ఉన్నాయి. ఎల్బీనగర్ పూర్వం రంగారెడ్డి జిల్లాలో ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండి, 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమయింది. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, నాగోలు, వనస్థలిపురం, కర్మన్‌ఘాట్ వంటి కాలనీలలో గృహస్థులు స్వయంగా కట్టుకున్న రెండు మూడంతస్తుల ఇళ్ళు, వాటి స్థానంలో క్రమంగా లేస్తున్న ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో శిక్షణ సంస్థలు ఎక్కువ కనుక విద్యార్థుల వసతి గృహాలు కూడా ఎక్కువే.

ఈ ఇళ్ళన్నింటిలో నీటి మార్గం దాదాపు ఒకే రీతిలో ఉంటుంది. నల్లా నీరు నేల కింది సంపులోకి వస్తుంది. అక్కడి నుండి మోటారు దానిని డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. సోలార్ హీటరు ఉన్న ఇంట్లో ఆ ట్యాంకు నుండి కొంత నీరు హీటరులోకి వెళ్ళి, వేడెక్కి, వేరొక గొట్టం ద్వారా కిందికి దిగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. చలిగాలులు వీచే రోజులలో 10 డిగ్రీల లోపుకు పడిపోవడమూ ఉంది. వేడినీరు ఎక్కువగా కావలసినది సరిగ్గా ఆ వేళలోనే. పగటి ఎండలో కాగిన నీరు ట్యాంకులో భద్రంగానే ఉంటుంది, ఎందుకంటే ట్యాంకు చుట్టూ కర్మాగారంలోనే మందమైన నురుగు పొర నింపుతారు. గొట్టాలకు మాత్రం ఆ రక్షణ ఉండదు. గీజర్ల మీద కనిపించే నక్షత్రపు గుర్తులు కూడా ట్యాంకు నుండి పోయే ఉష్ణాన్ని బట్టి ఇచ్చేవే. అవి గొట్టాల గురించి ఏమీ చెప్పవు.

ఉష్ణం పోయే విధానం

వేడి వస్తువు నుండి ఉష్ణం మూడు విధాలుగా పోతుంది. గొట్టపు గోడ గుండా బయటి ఉపరితలానికి చేరడం ఉష్ణవహనం. ఉపరితలాన్ని తాకిన గాలి వేడెక్కి పైకి లేచి దాని స్థానంలో చల్లగాలి రావడం ఉష్ణసంవహనం. ఏ యానకమూ అవసరం లేకుండా కిరణాల రూపంలో పోవడం ఉష్ణవికిరణం. వేడి వస్తువుకు, పరిసరాలకు మధ్య ఉష్ణోగ్రతా భేదం ఎంత ఎక్కువగా ఉంటే అది అంత వేగంగా చల్లబడుతుందని న్యూటన్ 1701లో వివరించాడు. ఘనపదార్థాలలో ఉష్ణవహనానికి గణిత సూత్రాన్ని ఫోరియర్ 1822లో ప్రచురించిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. గొట్టాల తొడుగులకు సంబంధించిన లెక్కలన్నీ నేటికీ ఈ రెండింటిపైనే ఆధారపడి ఉన్నాయి.

తొడుగులో పనిచేసేది నిజానికి రబ్బరు గాని ప్లాస్టిక్కు గాని కాదు, వాటిలోని గాలి. కదలని గాలి ఉష్ణవాహకత్వం మీటరుకు, డిగ్రీకి సుమారు 0.026 వాట్లు మాత్రమే. నీటికి ఇది 0.6, ఉక్కుకు 50, రాగికి 400 దరిదాపుల్లో ఉంటుంది. స్వేచ్ఛగా కదిలే గాలి ఉష్ణాన్ని మోసుకుపోతుంది. అదే గాలిని చిన్నచిన్న గదులలో బంధిస్తే అది మంచి బంధకమవుతుంది. ఉన్ని కంబళి వెచ్చగా ఉండడానికి, వరిగడ్డిలో చుట్టిన మంచుగడ్డ త్వరగా కరగకపోవడానికి కారణం ఇదే. నురుగు రబ్బరు తొడుగు ఉష్ణవాహకత్వం 0.035 నుండి 0.04 వరకు ఉంటుంది. అనగా అది కదలని గాలికి చాలా దగ్గరగా వస్తుంది.

నీరు ఎంతసేపు వేడిగా ఉంటుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పావు అంగుళం సీపీవీసీ గొట్టం బయటి వ్యాసం సుమారు 22 మి.మీ., లోపలి వ్యాసం సుమారు 18 మి.మీ. ఒక మీటరు పొడవు గొట్టంలో పావు లీటరు నీరు పడుతుంది. అందులో 60 డిగ్రీల నీరు నిలిచి ఉన్నదని, బయటి గాలి 15 డిగ్రీల వద్ద నిశ్చలంగా ఉన్నదని అనుకుందాం. పై సూత్రాల ప్రకారం లెక్కిస్తే తొడుగు లేని గొట్టం మొదట్లో మీటరుకు దాదాపు 27 వాట్ల చొప్పున ఉష్ణాన్ని కోల్పోతుంది. 9 మి.మీ. మందం గల నురుగు రబ్బరు తొడిగితే ఇది 13 వాట్లకు తగ్గుతుంది. 19 మి.మీ. తొడుగుతో 9 వాట్లు అవుతుంది. మొదటి 9 మి.మీ. వల్ల 14 వాట్లు ఆదా కాగా, ఆపైన మరో 10 మి.మీ. వేస్తే అదనంగా ఆదా అయ్యేది 4 వాట్లే. ఇంటి గొట్టాలకు మరీ మందమైన తొడుగు కొనమని చెప్పే అమ్మకందారు మాటను ఈ లెక్కతో పోల్చి చూసుకోవడం మంచిది.

స్నానానికి 40 డిగ్రీల నీరు చాలు. 60 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు దిగడానికి తొడుగు లేని గొట్టంలో సుమారు 20 నిమిషాలు, 9 మి.మీ. తొడుగుతో సుమారు 45 నిమిషాలు, 19 మి.మీ. తొడుగుతో సుమారు ఒక గంట పడుతుంది. రాత్రి పది గంటలకు కట్టేసిన నల్లాను ఉదయం ఆరింటికి విప్పితే ఈ మూడింటిలో ఏ గొట్టంలోనైనా చల్లని నీరే ఉంటుంది. కనుక తెల్లవారి మొదట స్నానం చేసేవారికి తొడుగు వల్ల ఏ లాభమూ లేదు.

లాభం తరువాతివారిది. నలుగురు ఉన్న ఇంట్లో అరగంటకొకరు స్నానం చేస్తారనుకుంటే, ఒకరికి మరొకరికి నడుమ గల అరగంటలో తొడుగు లేని గొట్టంలోని నీరు 34 డిగ్రీలకు దిగజారుతుంది. చలికాలపు ఉదయాన అది ఒంటికి చల్లగానే తోస్తుంది, దానిని వదిలేసి వేడినీటి కోసం ఎదురు చూస్తారు. 9 మి.మీ. తొడుగు ఉన్న గొట్టంలో అదే అరగంటలో నీరు 45 డిగ్రీల వద్ద ఉంటుంది. అందులో చన్నీళ్ళు కలుపుకొని స్నానం చేయవచ్చు. ఐదు నిమిషాలకొకరు వరుసగా నల్లా తిప్పే వసతి గృహాలలో గొట్టం చల్లబడే వ్యవధి లేదు కనుక, ఆ రద్దీ వేళలో తొడుగు ఉన్నా లేకున్నా తేడా స్వల్పమే. రోజుకొక్కసారి మాత్రమే వాడే గొట్టంలోనూ తేడా ఉండదు. ఇరవై నిమిషాలకు, గంటకు మధ్య వచ్చే విరామాలలోనే తొడుగు తన పని చేస్తుంది. చాలా కుటుంబాల ఉదయాలు ఇటువంటివే.

నీరు పారుతున్నప్పుడు పోయే ఉష్ణం మరొక విషయం. నిమిషానికి 6 లీటర్ల చొప్పున 25 మీటర్ల గొట్టంలో పారే నీరు, తొడుగు లేకపోయినా, ఆ చివరకు చేరేసరికి ఒకటిన్నర డిగ్రీ మాత్రమే చల్లబడుతుంది. నల్లాను సన్నధారగా తిప్పితే నీరు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కనుక నష్టం ఐదు డిగ్రీల దాకా పోతుంది. బలమైన గాలి వీచే డాబా మీద ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

వ్యర్థమయ్యే నీరు

స్టిల్ట్ పార్కింగ్ పైన ఐదంతస్తులు గల అపార్ట్‌మెంటులో డాబా మీది ట్యాంకు నుండి మొదటి అంతస్తు స్నానాల గదికి నిలువున 15 మీటర్లు, అడ్డంగా 10 మీటర్లు గొట్టం ఉందనుకుంటే అందులో ఆరు లీటర్లకు పైగా నీరు ఉంటుంది. వేడినీరు రావాలంటే ముందు ఈ నీరంతా బయటకు రావాలి. పై ఉదాహరణలోని కుటుంబం తొడుగు లేని ఇంట్లో నాలుగు సార్లూ కలిపి 25 లీటర్లు వదిలితే, తొడుగు ఉన్న ఇంట్లో మొదటిసారి ఆరు లీటర్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 19 లీటర్లు చొప్పున నాలుగు నెలల చలికాలంలో ఒక్క కుటుంబానికి సుమారు 2,280 లీటర్లు మిగులుతుంది. 5,000 లీటర్ల ట్యాంకరులో ఇది దాదాపు సగం. ఉష్ణం లెక్కలో చూస్తే ఆదా రోజుకు అర యూనిట్ విద్యుత్తుకు కొంచెం పైన ఉంటుంది. సోలార్ హీటరులో ఉష్ణం ఎండ నుండి ఉచితంగా వచ్చేదే కాబట్టి ఈ ప్రాంతంలో తొడుగు విలువను కరెంటు బిల్లుతో గాక నీటితో కొలవడమే సమంజసం.

ఆ నీరు వచ్చే దూరం కూడా గమనించదగినది. నగరానికి కృష్ణా జలాల పథకం మొదటి దశ 2004లో, రెండవ దశ 2008లో, మూడవ దశ 2015లో అందుబాటులోకి వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం నుండి తోడిన నీటిని శుద్ధి చేసి, దారిలో పలుచోట్ల పంపులతో ఎత్తిపోస్తూ, వంద కిలోమీటర్లకు పైగా నడిపించి ఎల్బీనగర్ సమీపంలోని సాహెబ్‌నగర్ జలాశయానికి చేరుస్తారు. స్నానాల గదిలో వేడినీటి కోసం వదిలివేసే చల్లనీరు ఇంత విద్యుత్తు ఖర్చుతో వచ్చినది. వదిలే నీటిని బకెట్టులో పట్టి బట్టలకో మొక్కలకో వాడే గృహిణులు ఈ నష్టాన్ని చాలావరకు పూడుస్తారు.

తొడుగు కంటే ముందు చూడవలసినది గొట్టం పొడవు, లావు. అంగుళం గొట్టంలో మీటరుకు 0.43 లీటరు నీరు పడితే, అర అంగుళం గొట్టంలో 0.12 లీటరే పడుతుంది. ఒకే స్నానాల గదికి అంగుళం గొట్టం వేయడం వల్ల చల్లబడే నీరు మూడున్నర రెట్లు పెరుగుతుంది. హీటరును స్నానాల గదులకు సరిగ్గా పైన అమర్చి, గొట్టాన్ని నేరుగా దించితే సగం సమస్య తీరుతుంది. కట్టే సమయంలో ఇది ఖర్చు లేని పని, తరువాత మార్చడం దుర్లభం. గీజరు స్నానాల గదిలోనే ఉండి, నల్లాకు రెండు మీటర్ల గొట్టమే ఉన్నచోట అందులో నిలిచేది పావు లీటరు. అటువంటి చోట తొడుగు కొనడం వృథా.

గోడలో దాగిన గొట్టాలు

ఇటీవలి ఇళ్ళలో గొట్టాలు బయటికి కనిపించకూడదని గోడలో గాడి కొట్టి, అందులో గొట్టం పెట్టి సిమెంటుతో పూడ్చుతారు. చుట్టూ ఇంత మందాన గోడ ఉన్నది గనుక వేడి ఎక్కడికీ పోదని అనిపించడం సహజం. వాస్తవం ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. ఇటుక, సిమెంటు గారల ఉష్ణవాహకత్వం 0.7 నుండి 0.8 దాకా ఉంటుంది. అంటే నురుగు రబ్బరుకు ఇరవై రెట్లు. అదీగాక గోడ బరువైనది. గొట్టంలోని కాస్త నీటి వేడిని పీల్చుకొని కూడా తాను వెచ్చబడదు. గాలిలో తొడుగు లేకుండా వేలాడే గొట్టం కంటే గోడలో పూడ్చిన గొట్టం దాదాపు రెండింతల వేగంగా ఉష్ణాన్ని కోల్పోతుంది. గాలిలో 20 నిమిషాలు పట్టిన చల్లబాటు ఇక్కడ పది నిమిషాల్లోనే జరిగిపోతుంది.

దీని వెనుక ఒక చక్కని సూత్రం ఉన్నది. గొట్టం చుట్టూ ఏదైనా పదార్థాన్ని చుట్టినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఉష్ణం దాటవలసిన మందం పెరుగుతుంది, దానివల్ల నష్టం తగ్గుతుంది. గాలికి తగిలే ఉపరితలం కూడా పెరుగుతుంది, దానివల్ల నష్టం హెచ్చుతుంది. వీటిలో ఏది గెలుస్తుందో నిర్ణయించే కొలతను సంధి వ్యాసార్థం అంటారు. పదార్థపు ఉష్ణవాహకత్వాన్ని, ఉపరితలం నుండి గాలికి ఉష్ణం పోయే గుణకంతో భాగిస్తే ఇది వస్తుంది. ఇంటి గాలికి ఆ గుణకం సుమారు 10 అనుకుంటే నురుగు రబ్బరుకు సంధి వ్యాసార్థం మూడు నాలుగు మిల్లీమీటర్లే. గొట్టం వ్యాసార్థమే 11 మి.మీ. కనుక రబ్బరు ఎంత చుట్టినా లాభమే. సిమెంటు గారకు అది 70 మి.మీ. పైన ఉంటుంది. అంతకు లోపు గార ఎంత మెత్తినా ఉష్ణనష్టం పెరుగుతూనే ఉంటుంది. పూర్వం ఆవిరి గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ తాడుకు ఇది సుమారు 15 మి.మీ., కనుక సన్నని ఇంటి గొట్టానికి దాన్ని చుట్టినా మేలు దాదాపు శూన్యం. పైగా ఆస్బెస్టాస్ నూగు ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

కాబట్టి తొడుగు అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది గోడలోని గొట్టానికే. సరిగ్గా అక్కడే అది లోపిస్తుంది. 22 మి.మీ. గొట్టానికి 9 మి.మీ. తొడుగు వేస్తే మొత్తం 40 మి.మీ. వెడల్పు గల గాడి కొట్టాలి. నాలుగున్నర అంగుళాల గోడలో అంత లోతు గాడి కొట్టడానికి మేస్త్రీలు ఒప్పుకోరు. వారి అభ్యంతరంలో న్యాయం ఉన్నది, గోడ బలహీనమవుతుంది. 6 మి.మీ. తొడుగు ఇందుకు మధ్యేమార్గం. గారలో పూడ్చే గొట్టానికి తొడుగు వల్ల ఇంకొక ఉపయోగం కూడా కలదు. సీపీవీసీ గొట్టం వేడికి బాగా సాగుతుంది. పది మీటర్ల గొట్టం 45 డిగ్రీలు వేడెక్కితే 28 మి.మీ. దాకా పెరుగుతుంది. అదే జీఐ గొట్టమైతే సుమారు 5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. మెత్తని తొడుగు ఉంటే గొట్టం కదలడానికి చోటు దొరుకుతుంది, వంపుల వద్ద అతుకుల మీద ఒత్తిడి తగ్గుతుంది.

గోడ పూడ్చిన తరువాత చేయగలిగినది ఏమీ లేదు. నిర్మాణంలో ఉన్న ఇంట్లో ప్లంబరు పని ముగిసి, గార పని మొదలయ్యే లోపు ఉండే కొద్ది రోజులే ఇందుకు అదను.

వేడినీరు నిరంతరం తిరిగే భవనాలు

ఆసుపత్రులు, హోటళ్ళలో నల్లా తిప్పగానే వేడినీరు రావాలి. అందుకై నీటిని ఒక పంపుతో గొట్టాలలో నిరంతరం తిప్పుతూ ఉంటారు. అప్పుడు గొట్టం ఎల్లవేళలా వేడిగానే ఉంటుంది కాబట్టి నష్టానికి విరామం ఉండదు. పోను 25, రాను 25 మీటర్ల గొట్టం తొడుగు లేకుండా ఉంటే, బయట 25 డిగ్రీలు ఉన్న రోజున కూడా 24 గంటల్లో సుమారు 25 యూనిట్ల ఉష్ణం గాలిపాలవుతుంది. 200 లీటర్ల సోలార్ హీటరు ఆ నీటిని 25 నుండి 60 డిగ్రీలకు కాచడానికి గ్రహించే ఉష్ణమే రోజుకు 8 యూనిట్లు. మూడు హీటర్ల సంపాదన ఒక్క గొట్టం తినివేస్తుంది. ఇటువంటి పద్ధతిలో తొడుగు తప్పనిసరి. కొన్ని పెద్ద ఇళ్ళలో కూడా చల్లనీటి వృథాను అరికట్టాలని ఇలాంటి పంపులు పెడుతున్నారు. వాటిని ఉదయం రెండు గంటలు మాత్రమే నడిపే ఏర్పాటు లేకపోతే నీరు మిగులుతుంది గాని ఉష్ణం మిగలదు.

కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ 2007లో ప్రకటించిన భవన ఇంధన నియమావళి వేడినీటి ట్యాంకులకు, గొట్టాలకు ఉష్ణబంధనం ఉండాలని పేర్కొన్నది. అయితే అది పెద్ద వాణిజ్య భవనాలకు ఉద్దేశించినది. నివాస గృహాల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వెలువడగా, దాని మొదటి భాగం గోడలు, కిటికీలు, పైకప్పులకే పరిమితమయింది.

వాడుకలో ఉన్న పదార్థాలు

ఏసీ సామాను అమ్మే దుకాణాలలో దొరికే నల్లని నైట్రైల్ రబ్బరు నురుగు గొట్టమే ఇంటికి అన్నిటికంటే అనువైనది. ఇది రెండు మీటర్ల ముక్కలుగా వస్తుంది, మెత్తగా ఉంటుంది, కత్తితో కోయవచ్చు. పాలిథిలీన్ నురుగు తొడుగు ఇంకా చవక. కాని బాగా వేడి నీటికి అది మెత్తబడి కుంగుతుంది కనుక హీటరు దగ్గరి గొట్టానికి పనికిరాదు. పాలీయురేథేన్ నురుగు నింపి, పైన గట్టి ప్లాస్టిక్ కవచం వేసిన గొట్టాలు ఉష్ణబంధనంలో అన్నిటికన్నా మేలైనవి. వసతి గృహాల వంటి పెద్ద ఏర్పాట్లకు వీటిని వాడతారు. గాజు ఉన్ని వేడిని బాగా తట్టుకుంటుంది, తడిస్తే మాత్రం చెడుతుంది, చర్మానికి గుచ్చుకుంటుంది. కొన్ని ఇళ్ళపై గోనెపట్టా, కొబ్బరితాడు, పాత బట్టలు చుట్టిన గొట్టాలు కనిపిస్తాయి. పొడిగా ఉన్నంతకాలం ఇవి కూడా కొంత పనిచేస్తాయి. వాటిని చూసి నవ్వవలసిన పని లేదు. వాన తడిపిన మరుక్షణం నుండి మాత్రం వాటి వల్ల ప్రయోజనం ఉండదు. గాలి ఉండవలసిన చోట నీరు చేరితే ఉష్ణవాహకత్వం ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. తడి గోనె ఆరుతూ గొట్టాన్ని మరింత చల్లబరుస్తుంది కూడా, మట్టికుండలో నీరు చల్లబడినట్లే.

అమర్చే పద్ధతి

గొట్టాలలో నీరు నింపి, ఒత్తిడి పరీక్ష చేసి, ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకున్న తరువాతే తొడుగు వేయాలి. తొడుగు లోపలి వ్యాసం గొట్టం బయటి వ్యాసంతో సరిపోవాలి. వదులుగా ఉంటే నడుమ గాలి పారి తొడుగు ఫలితం తగ్గుతుంది. కొత్త ఇంట్లో గొట్టాలు అతికించేటప్పుడే తొడుగును ఎక్కించవచ్చు, పాత గొట్టానికైతే నిలువునా చీల్చి తొడిగి అంచులను బంకతో అతికించాలి. వంపుల వద్ద తొడుగును 45 డిగ్రీల కోణంలో కోసి జత చేయాలి. సాధారణంగా ప్లంబర్లు నిడుపాటి గొట్టాలకు తొడుగు వేసి, వంపులను, వాల్వులను వదిలేస్తారు. ఉష్ణం ఆ ఖాళీల గుండానే పోతుంది. గోడకు బిగించే క్లాంపులు తొడుగు పైనుండి ఉండాలి, తొడుగును నలిపివేసేటంత బిగువుగా ఉండరాదు.

సీపీవీసీ గొట్టానికి నేరుగా సాధారణ పీవీసీ టేపు చుట్టడం మంచిది కాదు. ఆ టేపును మెత్తగా ఉంచే రసాయనాలు కాలక్రమేణా గొట్టంలోకి ఇంకి దానిని పెళుసుగా మార్చి పగుళ్ళు తెప్పిస్తాయి. తొడుగు అంచులకు పూసే బంక కూడా సీపీవీసీకి సరిపడేదే అయి ఉండాలి. సీపీవీసీ గొట్టాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15778, జీఐ గొట్టాలకు ఐఎస్ 1239. చల్లనీటికి వాడే తెల్లని యూపీవీసీ గొట్టం వేడినీటికి పనికిరాదు, తొడుగు వేసినా అంతే. ఎండాకాలంలో ఇంట్లో ఎవరూ లేక నాలుగు రోజులు వాడకపోతే గాజు గొట్టాల సోలార్ హీటరులో నీరు మరిగే స్థితికి చేరుతుంది. అందువలన ట్యాంకు నుండి మొదటి కొన్ని మీటర్లకు జీఐ వంటి లోహపు గొట్టం వాడటం క్షేమం. లోహం ఉష్ణ ఉత్తమ వాహకం కనుక తొడుగు ప్రారంభించవలసినది కూడా అక్కడి నుండే.

హీటరులోకి చల్లనీరు తెచ్చే గొట్టానికి తొడుగు అక్కరలేదు. కాని ట్యాంకును ఆనుకొని ఉన్న భాగంలో వేడి వెనుకకు పాకకుండా ఆ గొట్టాన్ని కిందికి వంచి కలుపుతారు. ట్యాంకు మీద గాలి పోవడానికి నిలువుగా ఉండే సన్నని గొట్టాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. తొడుగు చుట్టే ఉత్సాహంలో దాని నోరు మూస్తే ట్యాంకులో ఒత్తిడి పెరిగి ప్రమాదం జరగవచ్చు.

ఎండ, వాన, ఎలుకలు

డాబా మీద తొడుగుకు శత్రువులు ఎక్కువ. నల్లని రబ్బరు నురుగు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు గట్టిపడి, పగుళ్ళిచ్చి, పొడిగా రాలుతుంది. ఇంటి లోపల ఎన్నో ఏళ్ళు నిలిచేది డాబా మీద కొద్ది వేసవుల్లోనే పాడవుతుంది. దానిపై అల్యూమినియం రేకు గాని, అల్యూమినియం టేపు గాని, ఇందుకోసమే అమ్మే రంగు గాని వేయాలి. రేకు అతుకు కింది వైపుకు ఉండాలి, పైవైపు ఉంటే వాననీరు లోపలికి దిగుతుంది. ఎలుకలు, ఉడుతలు నురుగును కొరికి గూటికి తీసుకుపోతాయి. గొట్టం జీఐదైతే తడిసిన తొడుగు కింద పైకి కనిపించకుండా తుప్పు పడుతుంది. ఏటా వానాకాలం ముగిశాక, చలి మొదలయ్యేలోపు తొడుగును చేత్తో నొక్కి చూస్తే తడి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. తడిసిన ముక్కను ఆరబెట్టడం కంటే కోసి కొత్తది వేయడమే మేలు.

ఈ ప్రాంతపు బోరునీటిలో కాఠిన్యం ఎక్కువ. వేడెక్కినప్పుడు అందులోని కాల్షియం లవణాలు గొట్టం లోపల తెల్లని పెచ్చులా పేరుకుంటాయి. తొడుగుకు దీనితో సంబంధం లేదు. అయితే వేడినీరు ఆలస్యంగా, సన్నగా వస్తున్నప్పుడు లోపం తొడుగులో కాక పెచ్చులో ఉండవచ్చునని గుర్తించాలి.

ఆరోగ్య విషయాలు

60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్ని కూడా కొద్ది క్షణాలలోనే కాల్చగలదు. పిల్లలకు అందే ఎత్తులో ఉన్న లోహపు గొట్టానికి తొడుగు రక్షణ కూడా. మంచి తొడుగు వేసిన తరువాత నల్లాలో నీరు మునుపటి కంటే వేడిగా వస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో జాగ్రత్త అవసరం. మరోవైపు, నీరు గోరువెచ్చగా చాలాకాలం నిలిచి ఉండటమూ మంచిది కాదు. 1976లో ఫిలడెల్ఫియాలో వ్యాపించిన జ్వరం ద్వారా వెలుగులోకి వచ్చిన లెజియొనెల్లా బ్యాక్టీరియా 20 నుండి 45 డిగ్రీల మధ్య నీటిలో వృద్ధి చెందుతుంది. ట్యాంకులో నీటిని 60 డిగ్రీల వద్ద, గొట్టాలలో 50 డిగ్రీలకు పైన ఉంచాలని వైద్య నిపుణులు సూచిస్తారు. అనేక రోజులు వాడని గొట్టంలోని నీటిని ముందుగా కొంతసేపు వదలడం అందుకే.

వేసవిలో తొడుగు

ఏప్రిల్, మే నెలల్లో పరిస్థితి తలకిందులవుతుంది. డాబా మీద ఎండలో ఉన్న చల్లనీటి గొట్టాలు, నల్లని ట్యాంకులు మధ్యాహ్నానికి ఎంతగా కాగుతాయంటే చన్నీళ్ళ నల్లా కింద చేయి పెట్టలేని రోజులుంటాయి. ఉష్ణం ఎప్పుడూ వేడి వైపు నుండి చల్లని వైపుకే పోతుంది. కనుక వేడినీటి గొట్టం నుండి ఉష్ణాన్ని పోనివ్వని తొడుగే చల్లనీటి గొట్టంలోకి ఉష్ణాన్ని రానివ్వదు. అయితే నల్లని రబ్బరు ఎండను పీల్చుకుంటుంది గనుక వేసవి కోసం వేసే తొడుగుకు పైన తెల్లని లేక వెండి రంగు పూత తప్పనిసరి. గంటల తరబడి నిలిచిన నీటి విషయంలో ఇక్కడా పరిమితి అదే. ఉదయం పదింటికి నిలిచిపోయిన నీరు మధ్యాహ్నం మూడింటికల్లా, తొడుగు ఉన్నా, బయటి వేడిని చేరుకుంటుంది. అటువంటప్పుడు తొడుగు కంటే, గొట్టాన్ని పిట్టగోడ నీడలోకి మార్చడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.